డ్రెస్సు అంటే ఎన్ని పీసులు?

ఇంగ్లీషులో ఒక డ్రెస్ అంటే ఒకటే పీసు. భుజాల మీంచి మొదలై మోకాళ్ల దాకానో మడమల దాకానో ఒకే బట్టగా దిగే ఆడవాళ్ల లిబాస్. పైన వేరు, కింద వేరు ఉండదు. అదే మాట మా తిరుమలగిరికి వచ్చేసరికి మూడు పీసులైంది. సూర్యాపేట-జనగామ రోడ్డు మీది ఏ బట్టల దుకాణంలోనైనా కూర్చుని "డ్రెస్సులు చూపియ్యి అన్నా" అనండి. పాలిథిన్ కవరులో మడతపెట్టిన డ్రెస్ మెటీరియల్ ముందర పడేస్తాడు. టాప్, బాటమ్, చున్నీ. చున్నీ లేకపోతే "ఇదేం డ్రెస్సు?" అని మా ఆపా లేచి వచ్చేస్తుంది.

షల్వార్ కమీజ్‌కు డ్రెస్ అని పేరు ఎవరు పెట్టారో గానీ, తెలుగులో అదే ఖాయమైంది. "పిల్ల చీర కడ్తదా, డ్రెస్సు వేస్తదా?" అంటే ఇక్కడ ఎవరికీ అనుమానం రాదు. కొందరు పంజాబీ డ్రెస్ అంటారు, కొందరు చుడీదార్ అంటారు. బడి పిల్లల యూనిఫారం కూడా డ్రెస్సే. ఖాకీ చొక్కా, ప్యాంటు, టోపీ అన్నీ కలిపి పోలీసు డ్రెస్సు. ఇన్ని అర్థాల్లోనూ ఒక్క పీసు అనే అర్థం మాత్రం లేదు. ఇంగ్లీషువాడి డ్రెస్‌ను మనం చిన్నపిల్లలకు తొడిగి గౌను అన్నాం, ఆడవాళ్లకు తొడిగి నైటీ అన్నాం.

అసలు డ్రెస్ అనే మాట మొదట బట్టల గురించే కాదు. పాత ఫ్రెంచిలో సరిచేయడం, తీరుగా పెట్టడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. దాని వెనక లాటిన్ మాట ఉంది, డైరెక్ట్ అనే మాటకూ మూలం అదే. అందుకే సర్కారు దవాఖానలో పుండుకు కట్టు కట్టినా డ్రెస్సింగే, చికెన్ సెంటర్‌లో కోడి ఈకలు పీకి శుభ్రం చేసినా డ్రెస్సింగే. మనిషికైతే తొడగడం, కోడికైతే తీసెయ్యడం. మాటలకు ఏం షరమ్ ఉంటుంది చెప్పండి.

మా అబ్బా మర్హూమ్ దర్జీ. నేను ఉర్దూ మీడియం బడిలో చదివింది ఎంతో, ఆయన మిషన్ పక్కన చదివింది అంత. నేఫా, నాడా, దామన్, ఆస్తీన్, గలా, అస్తర్, కాజా, తుర్పాయీ. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుని ఆదికవి దగ్గర్నుంచి అందరినీ చదివినా, బట్టల విషయానికొస్తే నా నోట్లో ఉన్నవి ఆ మాటలే. విచిత్రం ఏమిటంటే అబ్బా దగ్గరికి వచ్చే రెడ్లూ గౌడ్లూ మాదిగలూ అందరూ అవే మాటలు వాడేవాళ్లు. "ఉస్తాద్, అస్తర్ ఎయ్యి", "కాజాలు గట్టిగ కుట్టు" అనేవాళ్లు. దర్జీ దుకాణంలో ఉర్దూ ఎవరికీ పరాయి జబాన్ కాదు.

అబ్బా కూలీ పీసుకింత అని తీసుకునేవాడు. డ్రెస్ అంటే ఆయన లెక్కలో రెండు పీసులు, ఎందుకంటే చున్నీకి పీకో తప్ప కుట్టు లేదు. గౌను ఒక పీసు. "ఒక్క పీసని కూలీ తక్కువిస్తరు, కుచ్చిళ్లు పెట్టేసరికి పానం పోతది" అని గొణిగేవాడు. నైటీ అయితే ఆయనకు అసలు నచ్చేది కాదు. నాడా లేదు, నేఫా లేదు, కొలత అక్కర లేదు, సంచికి మెడ పెట్టినట్టు ఉంటది, దీనికి దర్జీ ఎందుకు అనేవాడు. ఆయన మాట నిజమే అయింది. రెడీమేడ్ నైటీలు రోడ్డు మీద తాడుకు వేలాడదీసి అమ్మడం మొదలయ్యాక, నైటీకి దర్జీ అక్కరలేకుండా పోయింది.

గౌను అన్నాను గానీ మా ఇంట్లో ఆ మాట వాడేవాళ్లం కాదు. పక్కింటి పద్మశాలి పిల్ల వేసుకుంటే గౌను, అదే బట్ట నేను వేసుకుంటే ఫ్రాక్. మా దక్కనీ నాలుక ఆ ఫ్రాక్‌ను సాగదీసి ఫిరాక్ చేసింది. ఉర్దూలో ఫిరాఖ్ అంటే ఎడబాటు, జుదాయి. గజళ్లలో ఆశిక్‌లు ఏడ్చేది దాని గురించే. రఘుపతి సహాయ్ అనే గోరఖ్‌పూర్ హిందూ శాయర్ తన తఖల్లుస్ ఫిరాఖ్ అనే పెట్టుకున్నాడు. మన హైదరాబాదీలు పెద్ద ఖాఫ్‌ను ఎలాగూ "ఖ" అనే పలుకుతారు కాబట్టి ఫిరాక్‌కూ ఫిరాఖ్‌కూ మధ్య ఉన్న తేడా చిన్న గాలి ఊదు మాత్రమే. మా ఉర్దూ సార్ ఇమ్లా చెబుతూ ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఇచ్చేవాడు. ఒకటి చిన్న కాఫ్‌తో, ఒకటి పెద్ద ఖాఫ్‌తో. తప్పు రాసిన పిల్లల్ని "ఈద్‌కు అబ్బాను జుదాయి కుట్టమని అడుగుతావా?" అని నవ్వేవాడు. ఆ ఇంగ్లీషు ఫ్రాక్ కూడా ముందు క్రైస్తవ సన్యాసులు వేసుకునే పొడుగు చొగా పేరే. ఎక్కడి సన్యాసి, ఎక్కడి ఈద్ కా ఫిరాక్!

మన ఖమీస్ సంగతీ అంతే. ఇది అరబీ మాట అని మనకు తెలుసు. లాటిన్‌లో కమీసియా అనే మాటకూ దీనికీ చుట్టరికం ఉందని నిఘంటువులు చెబుతాయి, ఫ్రెంచివాళ్ల షెమీజ్ కూడా ఆ ఖాందాన్‌దే. సూరె యూసుఫ్ చదివినవాళ్లకు ఖమీస్ ఎంత పెద్ద పాత్రో గుర్తుంటుంది. ఒకసారి అన్నలు అబద్ధపు నెత్తురు పూసి తండ్రికి తెచ్చి చూపించింది అది. ఇంకోసారి వెనక వైపు చిరిగి యూసుఫ్ అలైహిస్సలాం బేగునాహ్ అని గవాహీ చెప్పింది అది. చివరికి యాఖూబ్ అలైహిస్సలాం ముఖం మీద వేస్తే చూపు తిరిగొచ్చిందీ ఖమీస్‌తోనే. ఒక్క పీసు, మూడు గవాహీలు. ఇక పైజామా అయితే మన దగ్గర్నుంచి ఇంగ్లీషులోకి వెళ్లింది. ఫార్సీలో పాయ్ అంటే కాలు, జామా అంటే ఉడుపు. కాలికి వేసుకునేదని పేరులోనే ఉంది కదా. ఇంగ్లీషువాళ్లు దానికి పైన చొక్కా కూడా కలిపి రెండింటికీ పైజామాలే అని పేరు పెట్టి, రాత్రి పడుకునేటప్పుడు వేసుకున్నారు. మనం వాళ్ల డ్రెస్‌కు ఏం చేశామో, వాళ్లు మన పైజామాకు అదే చేశారు. హిసాబ్ బరాబర్.

ఈ సంగతులన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. మా ఆపా ఇంట్లో మాత్రం ఈ ఒక్క మాట ఒక రిష్తా మీదికి తెచ్చింది.

ఆపా కూతురికి హైదరాబాద్ నుంచి రిష్తా వచ్చింది. అబ్బాయి అమెరికాలో కొలువు. మధ్యలో మషాతా. ఫోన్లో అబ్బాయి తల్లి అన్నీ అడిగి, చివర్లో "లడ్కీ డ్రెస్ పహెన్తీ క్యా?" అంది. ఆపా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "హౌ, రోజ్ డ్రెస్సీచ్ పహెన్తీ" అంది సంబరంగా. ఆమె మనసులో ఉన్నది ఏమిటి? చీర అలవాటు లేదు, నిండుగా చున్నీ వేసుకుని కాలేజీకి పోతుంది, షరీఫ్ పిల్ల అని. అవతలామె మనసులో ఉన్నది, అమెరికాలో కొడుకు పక్కన మోకాళ్ల దాకా ఫ్రాక్ వేసుకుని ఫోటో దిగే మోడ్రన్ బహూ. ఇద్దరూ ఖుష్. జోడే కీ రఖమ్ మాట్లాడుకున్నారు. సగం ముందే ఇచ్చారు కూడా.

వీడియో కాల్లో పిల్లను చూసేదాకా సంగతి బయటపడలేదు. మా పిల్ల ఆకుపచ్చ షల్వార్ కమీజ్‌లో, తల మీద దుపట్టాతో కూర్చుంది. రెండు రోజులకు మషాతా ఫోన్ చేసి, వాళ్లు చాలా నారాజ్‌గా ఉన్నారు, పిల్ల డ్రెస్ వేస్తుందని మీరు ఝూట్ చెప్పారట అంది. ఆపాకు అర్థమే కాలేదు. "మరి ఏసుకున్నది ఏంది, డ్రెస్సు కాదా?" అని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను విప్పి చెప్పేసరికి ఇంకా ఏడ్చింది, ఈసారి కోపంతో. రిష్తా పోయింది. ఇచ్చిన రఖమ్ తిరిగి రావడానికి ఏడు నెలలు పట్టింది, అదీ పూర్తిగా రాలేదు. ఆ డబ్బు కోసం తాకట్టు పెట్టిన గాజులు విడిపించింది ఆ పిల్లే, తర్వాత, తన జీతంతో.

ఇక్కడ జోడా అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఉర్దూలో జోడా అంటే జంట. మియా బీవీ జోడా, చెప్పుల జోడా. ఒక మనిషి వేసుకునే పూర్తి బట్టలకు కూడా ఏక్ జోడా కపడే అంటాం, పైది కిందది కలిస్తేనే కదా లిబాస్ అయ్యేది. ఖురాన్‌లో భార్యాభర్తలను ఒకరికొకరు లిబాస్ అని చెప్పిన సంగతి నిఖా ఖుత్బాల్లో ఎన్నిసార్లు వినలేదు? మన పెళ్లికూతురి ఖడా దుపట్టాలో కూడా కుర్తా, చుడీదార్, దుపట్టా అన్నీ కలిపి షాదీ కా జోడా. పెళ్లికొడుకు బట్టల కోసమని అమ్మాయివాళ్లు ఇచ్చే డబ్బుకు జోడే కీ రఖమ్ అని పేరొచ్చింది. ఇప్పుడు ఆ రఖమ్‌తో ఎన్ని అల్మారీల బట్టలు కొనొచ్చో లెక్కలేదు, పేరు మాత్రం ఇంకా ఒక జోడాదే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం మెహర్‌ను కట్నం లెక్కలోంచి తప్పించింది. జోడాను తప్పించలేదు. అయినా మనవాళ్లు కట్నం అనరు. "జహేజ్ నక్కో, సిర్ఫ్ జోడే కీ రఖమ్" అంటారు ఎంతో దయగా.

2014 అక్టోబర్ 2న షాదీ ముబారక్ మొదలైనప్పుడు ఒక పెళ్లికి 51 వేలు. 2018 నుంచి 1,00,116 రూపాయలు. ఆ పెంపు వార్త రాసిన రోజు నాకు సంతోషమే కలిగింది. తర్వాత చెక్కులు పంచే సభల్లో తల్లులతో మాట్లాడుతుంటే, "ఎక్కడికి పోతుంది అమ్మా, జోడాకే" అన్నవాళ్లు ఎంతమందో. సర్కారు అమ్మాయికి ఇచ్చింది అబ్బాయి బట్టల పేరు మీద గడప దాటిపోతుంది.

ఆపా ఇంట్లో గొడవ జరిగినన్ని రోజులూ అందరూ డ్రెస్ అంటే ఏమిటో వాదించుకున్నారు. మామూ ఇంగ్లీషు డిక్షనరీ తెరిచాడు. మషాతా మీద కోపం, అబ్బాయి తల్లి మీద కోపం. పిల్ల ఒక రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర "ముఝే పూఛే క్యా కోయీ?" అంది. నన్నెవరైనా అడిగారా అని. రొట్టె తుంచుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. నిజానికి ఎవరూ అడగలేదు. డ్రెస్ వేస్తావా అని అబ్బాయి తల్లి ఆపాను అడిగింది, వేసుకునే మనిషిని కాదు.

ఒకే పీసు మీద ఇంత పంచాయితీ మన ఇళ్లలోనే కాదు. 2018 నవంబర్‌లో పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలంలోని తోకలపల్లి అనే ఊరి వార్త వచ్చింది. ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా ఆడవాళ్లు నైటీ వేసుకుని బయట తిరిగితే 2000 రూపాయలు జుర్మానా అని కులపెద్దలు తీర్మానం చేశారు. వేసుకున్నవాళ్లను పట్టిచ్చినవాళ్లకు 1000 రూపాయలు ఇనాం. నైటీ రాత్రి బట్ట, పగలు వేసుకోవద్దట. పేరులో నైట్ ఉంది కాబట్టి పగలు పనికిరాదనే వాదన వింటే నాకు నవ్వొచ్చింది. పైజామాను పేరు ప్రకారం కాళ్లకే వాడాలని ఇంగ్లండు మీద జుర్మానా వేద్దామా? అంతకు నాలుగేళ్ల ముందు, 2014లో, నవీ ముంబైలోని గోఠీవలీలో ఆడవాళ్ల మండలే ఇలాంటి హుకుం జారీ చేసి 500 రూపాయలు జుర్మానా పెట్టింది. అంటే ఇది ఒక్క మగ పెద్దల పనే అని తేల్చెయ్యలేం.

మా గల్లీలో నైటీ వేసుకోని ఇల్లు లేదు. అమ్మీ దాన్ని మ్యాక్సీ అంటుంది. ఫజర్‌కు లేచి నమాజ్ చదివి, మ్యాక్సీ మీద దుపట్టా కప్పుకుని పాల ప్యాకెట్‌కు వెళ్తుంది. పక్కింటావిడ నైటీ మీద తుండు వేసుకుంటుంది. ఆ చిన్న గుడ్డ పడిందంటే నైటీ పగటి బట్ట అయిపోయినట్టే లెక్క. రెండో పీసు చేరింది కదా. వంగి ఊడ్చడానికి, నీళ్లు పట్టడానికి, కాన్పు తర్వాత బిడ్డకు పాలియ్యడానికి, మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోవడానికి అంతకన్నా సుకూన్ ఇచ్చే బట్ట మన ఆడవాళ్లకు ఇంతవరకూ దొరకలేదు. అదే గల్లీలో అరుగు మీద మగవాళ్లు లుంగీలతో కూర్చుని పేపర్ చదువుతారు. లుంగీ కూడా ఒక్క పీసే కదా! మోకాళ్ల పైకి మడిచి కట్టినా ఎవరూ జుర్మానా వెయ్యరు.

ఇంకో ఒక్క పీసు ఉంది, అబాయా. మా అమ్మీ కాలం బురఖా రెండు ముక్కలది, కింద కోటు, పైన వేరే నఖాబ్. గల్ఫ్‌కు పోయినవాళ్లు తెచ్చిన అబాయా వచ్చాక అది పాత మోడల్ అయింది. 2023లో ఫ్రాన్స్ సర్కారు బడుల్లో అబాయా వేసుకోవద్దని పెట్టింది. బడులు తెరిచిన మొదటి రోజు 298 మంది అమ్మాయిలు అబాయాలతో వచ్చారని, వాళ్లలో 67 మంది తీయడానికి ఒప్పుకోక ఇళ్లకు తిరిగిపోయారని అప్పటి విద్యామంత్రి గాబ్రియేల్ అత్తాల్ చెప్పాడు. వాళ్ల అత్యున్నత పాలనా న్యాయస్థానం కూడా ఆ నిషేధాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. నాకు ఆ వార్తలో అర్థం కానిది ఒక్కటే. మడమల దాకా ఉండే వదులు మ్యాక్సీ డ్రెస్‌కూ అబాయాకూ గేటు దగ్గర టీచర్ తేడా ఎలా పడతాడు? బట్ట అదే, కుట్టు అదే, పొడుగు అదే. ఇగ చూడాల్సింది వేసుకున్న పిల్ల పేరూ ముఖమే. ఫ్రాన్స్‌లో ఒక్క పీసు ఎక్కువై ఆ పిల్లల్ని ఇంటికి పంపారు, మా పిల్లకు ఒక్క పీసు కానందుకు రిష్తా పోయింది. దర్జీ కూతురిగా నాకు రెండు చోట్లా కనిపించింది ఒకటే, టేపు ఎప్పుడూ వేరేవాళ్ల చేతిలో ఉంది.

నేను డెస్క్‌లో పనిచేసినప్పుడు ఏజెన్సీ కాపీలో డ్రెస్ అనే మాట వచ్చిన ప్రతిసారీ ఆగేదాన్ని. "ఎర్ర డ్రెస్‌లో వచ్చిన నటి" అని రాస్తే మా తిరుమలగిరి పాఠకురాలు ఎర్ర షల్వార్ కమీజ్ ఊహించుకుంటుంది. దుస్తులు అంటే బహువచనం, ఎన్ని పీసులో తెలియదు. గౌను అంటే చిన్నపిల్ల గుర్తొస్తుంది. మాక్కూడా ఒక మాట ఉండాల్సింది, లేదు. ఇప్పుడు దుకాణాల్లో పిల్లలు వన్ పీస్ అంటున్నారు. "వన్ పీస్ హై ఆంటీ, నీచే కుచ్ నహీ ఆతా" అని ముందే చెప్పేస్తున్నారు, తర్వాత ప్యాంటేదని కొట్లాట రాకుండా. ఆ మాట నాకు వినసొంపుగా లేదు గానీ సాఫ్‌గా ఉంది. ఆ రోజు ఫోన్లో అబ్బాయి తల్లి వన్ పీస్ అని అడిగి ఉంటే, ఆపా గాజులు తాకట్టుకు పోయేవి కాదు.

ఆపా కూతురు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసుకు షల్వార్ కమీజ్ వేసుకుంటుంది, బస్సులో అబాయా. పోయిన రంజాన్‌కు ఆన్‌లైన్‌లో ఒక పొడుగు చేతుల మ్యాక్సీ డ్రెస్ తెప్పించుకుంది, నీలం మీద చిన్న తెల్ల పూలు. ఈద్ రోజు వేసుకుంటానని ఇంటికి తెచ్చింది. ఆపా మూతి బిగించింది, ఏమీ అనలేదు. అమ్మీ కవరు విప్పి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. తిప్పి చూసి, దామన్ దగ్గర తుర్పాయీ వేలితో తడిమి, "యే తో మ్యాక్సీచ్ హై నా" అంది. ధర అడిగింది. పిల్ల చెప్పింది. "యా అల్లా, ఇంత పైసలకు మ్యాక్సీయా, బజార్ల నాలుగొస్తయి" అంది. పిల్ల ఈద్ రోజు దాన్నే వేసుకుంది, మీద అమ్మీ తెల్ల దుపట్టా. మర్నాడు పొద్దున నేను లేచేసరికి అమ్మీ ఆ నీలం పూలది వేసుకుని పాల ప్యాకెట్‌కు పోయింది.